మాట రానప్పుడు ప్రార్థన ఎట్లా చేసుకోవాలి?

నువ్వు రాసింది రెండు మూడుసార్లు చదివాను బిడ్డా. నా చిన్న కూతురు నీకంటే రెండేళ్లు పెద్ద, అందుకే నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. చదివే మిగతావాళ్లకు కూడా తెలియాలి కాబట్టి నీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్తాను. మీ నాన్నకు కిడ్నీలు పాడై ఏడాదిపాటు డయాలసిస్ మీద ఉన్నారు. ఇంట్లోవాళ్లు, సంఘం కలిసి ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన చేశారు, అయినా పోయిన నవంబర్‌లో ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి నువ్వు మోకరిస్తే మాట రావడం లేదు, ఐదు నిమిషాలు కాకముందే చెయ్యి ఫోన్ మీదికి పోతోంది. మొన్న స్త్రీల కూటంలో "సిస్టర్, ముగింపు ప్రార్థన చేయండి" అంటే నోరు ఎండిపోయి ఊరికే నిలబడ్డావు. అది చూసి ఒక పెద్దమనిషి "విశ్వాసం సన్నగిల్లింది, నలభై రోజులు ఉపవాసం పట్టు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు చెయ్యి" అన్నాడు. మనసు పెట్టకుండా చేసేది ప్రార్థనేనా, బట్టీ పట్టినవి చెప్పుకుంటే తప్పా, ఈ ఉపవాసం పట్టాలా వద్దా అని అడిగావు.

నేను పాస్టర్‌ని కాదు. కాజీపేటలో ముప్ఫై నాలుగేళ్లు రైల్వేలో చేసి లోకో పైలట్‌గా రిటైరయ్యాను. అందులో ఇరవై ఏళ్లకు పైగా మా వాడకట్టులో కుటీర ప్రార్థనలు, అంటే ఇళ్లలో కూడుకుని చేసే ప్రార్థనలు, నడిపించాను. వాక్యం చెప్పడం నాకు అంతంత మాత్రమే, ప్రార్థన రావట్లేదు అనేవాళ్ల పక్కన కూర్చోవడమే ఎక్కువగా చేసిన పని. ఆ అనుభవంతోనే రాస్తున్నా.

ముందు ఆ కూటం సంగతి. నీకు ఆ రోజు రానిది ప్రార్థన అని నాకు అనిపించడం లేదు, మనం కూటాల్లో వాడే భాష రాలేదు. గమనించావో లేదో, మనం ఇంట్లో "గట్లనా", "ఏం జేస్తున్నవ్" అని మాట్లాడుకునేవాళ్లమే, కళ్లు మూయగానే భాష మారిపోతుంది. "సర్వోన్నతుడవు, సర్వశక్తిమంతుడవునైన పరమ తండ్రీ, ఈ ఘడియ వరకు మమ్మును సజీవుల లెక్కలో ఉంచినందుకై నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుకొనుచున్నాము" అని మొదలుపెడతాం. ఎక్కడా తడబడకుండా పది నిమిషాలు అట్లా పోయేవాళ్లను "ప్రార్థనాపరుడు" అంటాం. నేను ఒకసారి ఒక బ్రదర్ ప్రార్థనలో "తండ్రీ" అనే మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాను, నలభై దాటింది. లెక్కపెడుతూ కూర్చున్నానంటే ఆ పూట నేను కూడా ప్రార్థన చేయలేదని అర్థమే కదా, అది వేరే విషయం.

ఆ భాషను వెక్కిరించడం లేదు. అది మన తెలుగు బైబిల్ నుంచి వచ్చిన భాష. ఊరి చివర వాడల్లో పుట్టి బడి గడప తొక్కని మా తాతల కాలంవాళ్లకు అంత పెద్ద పెద్ద మాటలు నోటితో పలకడమే ఒక గౌరవం, ఊళ్లో దొర ముందు తల ఎత్తి మాట్లాడలేనివాడు ఆదివారం గుడిలో లేచి నిలబడి సర్వాధికారితో గ్రాంథికంలో మాట్లాడేవాడు. దాని విలువ నాకు తెలుసు. కాకపోతే సంతోషంలో ఉన్నప్పుడు బాగానే నడిచే ఆ భాష, మనిషి పోయిన ఇంట్లో బరువైపోతుంది. "చెల్లించుకొనుచున్నాము" అనడానికి కూడా కొంచెం ఓపిక కావాలి.

మా అమ్మకు ఆ భాష రాదు. అక్షరం ముక్క రాదు. మా రోజుల్లో డ్యూటీకి పిలవడానికి ఇంటికి కాల్ బాయ్ వచ్చేవాడు, సైకిల్ మీద వచ్చి అర్ధరాత్రి తలుపు కొట్టి బుక్కులో సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఆ చప్పుడుకు నాకంటే ముందు అమ్మ లేచేది. సద్ది డబ్బా, నీళ్ల సీసా సంచిలో పెట్టి, నేను బూట్లు వేసుకుంటుంటే కొంగు తల మీదికి లాక్కుని నా నెత్తి మీద చెయ్యి పెట్టేది. "యేసయ్యా, పిలగాడు బండి మీదికి పోతుండు. కండ్లు మూతపడనియ్యకు. ఎవ్వల పానం పోకుండ సూడు. ఆమెన్." అంతే. ఒక్కోసారి అందులో "జర వాని కోపం గూడ తగ్గియ్యి" అని కలిపేది, అది నాకోసం చెప్పిందో దేవుడికి చెప్పిందో ఇప్పటికీ తెలియదు. అర నిమిషం కూడా పట్టేది కాదు. ఆ మూడు మాటల్లో నేనున్నాను, నా పని ఉంది, పట్టాల మీద నాకు పేరు కూడా తెలియనివాళ్ల ప్రాణాలున్నాయి. ఇన్నేళ్లలో అంతకంటే పూర్తి ప్రార్థన నేను వినలేదు.

"నీవు ప్రార్థన చేయునప్పుడు నీ గదిలోనికి వెళ్లి తలుపువేసి" అని మత్తయి 6లో ఉంది కదా. రెండు గదుల రైల్వే క్వార్టర్‌లో ఏడుగురం ఉండేవాళ్లం, గదెక్కడిది? ఆ కొంగే ఆమె గది.

కాబట్టి నేను మొదట చెప్పేది, నీ సొంత మాటలో ఒక్క వాక్యం చెప్పు. ఇంట్లో అమ్మతో ఎట్లా మాట్లాడతావో అట్లాగే. "మా నాయినను ఎందుకు తీస్కపోయినవ్" అనేదే నీ మనసులో ఉన్న వాక్యమైతే అదే చెప్పు. అట్లా అనొచ్చా అని భయమేస్తుంది, తెలుసు. బైబిల్లో అంతకంటే గట్టిగానే అన్నారు. 13వ కీర్తన మొదలే "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని. 88వ కీర్తన చూడు, మిగతా ఏడుపు కీర్తనల్లో చాలావాటిలో చివరికైనా ఒక ఆశ మాట వస్తుంది, ఇందులో అది కూడా లేదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. దాన్ని ఎవరూ తీసేయలేదు, చివర ఒక మంచి ముక్క అతికించలేదు. 150 కీర్తనల మధ్యలో అట్లాగే ఉంచారు. సంఘాల్లో 23, 91, 121 చదివినన్నిసార్లు 88 చదవం, అందుకే నీలాంటివాళ్లు దుఃఖం వచ్చినప్పుడు తమ మాటకు బైబిల్లో చోటు లేదనుకుంటారు.

ఇంకొకటి. కొత్త నిబంధన గ్రీకులో రాశారు. అయితే మార్కు సువార్తలో యేసు రెండు ప్రార్థనల దగ్గర ఆయన నోట వచ్చిన అరమేయిక మాటను అట్లాగే వదిలేశారు, అది ఆయన ఇంటి భాష. పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో "అబ్బా", అంటే నాన్నా, అన్నది ఒకటి. సిలువ మీద "ఎలోయీ, ఎలోయీ, లామా సబక్తానీ" అన్నది రెండోది. ఈ రెండో మాట ఆయన అప్పటికప్పుడు అనుకున్నది కాదు, 22వ కీర్తన మొదటి వచనం, చిన్నప్పటి నుంచి విన్నది, నోటికి వచ్చినది. అంటే ఊపిరి అందని సమయంలో ఆయన బట్టీ వచ్చిన కీర్తనను ఇంటి భాషలో చెప్పుకున్నారు. నువ్వు అడిగిన రెండు ప్రశ్నలకూ, సొంత మాటా బట్టీ పట్టినదా అనేదానికి, నాకు ఇంతకంటే పెద్ద జవాబు దొరకలేదు.

మన తెలుగు బైబిల్ ఆ మాటను "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని రాసింది. ఎవరు అట్లా తర్జుమా చేశారో గాని మంచి పని చేశారు. మేడారం జాతర జనంలో అయ్య చెయ్యి వదిలితే పిల్ల ఏమవుతుందో మన దిక్కు చిన్న పిల్లలకు కూడా తెలుసు.

గుడికే మన రూపం ఇచ్చినవాళ్లున్నారు మన ప్రాంతంలో. దోర్నకల్ వెళ్లావో లేదో, వరంగల్ నుంచి విజయవాడ లైన్‌లో పోతే జంక్షన్ వస్తుంది. 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయన, అక్కడ కట్టించిన పెద్ద గుడిని 1939లో ప్రతిష్ఠించారు. మండపం స్తంభాలు, మసీదు గుమ్మటాలు, సిలువ అన్నీ ఒక్కదాంట్లో కనిపిస్తాయి. ఆయన తమిళనాడు నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి. రాళ్లకు మన ఊరి పోలిక ఉండొచ్చు గాని మన ప్రార్థనకు ఉండకూడదంటే ఎట్లా?

ఇక బట్టీ పట్టిన ప్రార్థన. "వ్యర్థమైన మాటలు వచింపవద్దు" అనే వచనం చూపించి పరలోక ప్రార్థన రోజూ చెప్పడాన్ని కూడా తప్పుపట్టేవాళ్లున్నారు. ఆ వచనం పూర్తిగా చదివితే, ఎక్కువ మాట్లాడితే దేవుడు వింటాడు అనుకోవడాన్ని యేసు కాదన్నారు, వెంటనే రెండు వచనాల తర్వాత ఈ పరలోక ప్రార్థననే తయారుగా చేతికిచ్చారు. గెత్సేమనేలో ఆయనే "ఆ మాటలే చెప్పుచు" మూడోసారి ప్రార్థన చేశారని మత్తయి రాశాడు. ఫాతిమానగర్‌లో మా కథోలిక స్నేహితుడు జపమాల చెప్తుంటే మావాళ్లు కొందరు నవ్వేవారు. అందులో యేసు పుట్టుక నుంచి పునరుత్థానం దాకా ఒక్కో ఘట్టం తలుచుకుంటూ పూసలు తిప్పుతారు, నోరు ఒకటి చెప్తుంటే మనసు ఇంకొకటి చూస్తుంది. మనం పాటలో పల్లవి ఎనిమిదిసార్లు పాడితే ఆత్మీయత, వాళ్లు పూస తిప్పితే వ్యర్థమా?

ఇది నాకు ఇంజిన్‌లోనే బాగా అర్థమైంది. బండి నడుస్తుంటే ప్రతి సిగ్నల్‌నూ ఇద్దరం పైకి పలకాలి, అది రూల్. అసిస్టెంట్ చెయ్యి చాపి "డిస్టెంట్ గ్రీన్" అంటాడు, నేను చూసి "డిస్టెంట్ గ్రీన్" అనాలి. ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటుంది, అయినా పలకాలి. ఒక రాత్రి వందసార్లు పలికి ఉంటాం, మనసు పెట్టి పలికావా అని ఎవరూ అడగరు. తెల్లవారుజామున మూడున్నరకు, బెల్లంపల్లి దాటాక, చలిగాలి, ముందు హెడ్‌లైట్ వెలుగు తప్ప ఏమీ కనబడని చోట కళ్లు మంటపెడుతుంటే, ఆ పలకడమే మమ్మల్ని మెలకువగా ఉంచేది. ఏదో ఒక సిగ్నల్ దగ్గర పసుపు వస్తుంది, అంటే జాగ్రత్త పడాలి, ఆ ఒక్కదానికి నోరు ముందే సిద్ధంగా ఉండాలి. పరలోక ప్రార్థన నాకు అట్లాంటిదే. నెమ్మదిగా చెప్పినా నిమిషం పట్టదు.

మనసు లేకుండా చెప్తే అబద్ధం కాదా అన్నావు. నా సంగతి చెప్తాను, ఇది మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎక్కువమందికి తెలియదు. మా తమ్ముడికి రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. నేను ఆ తొమ్మిది రోజులు ఆసుపత్రి మెట్ల కింద కూర్చుని అడగని విధం లేదు. పోయాడు. మూడో రోజు ఒక ప్రసంగీకుడు ఓదార్చడానికి ఇంటికొచ్చి, టీ తాగుతూ, "ఇంట్లో ఎవరిదో ఒప్పుకోని పాపం అడ్డుపడింది" అన్నాడు. మా మరదలు, చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని, ఆ మాట వింది. ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు.

తర్వాత పదకొండు నెలలు నాకు సొంత ప్రార్థన లేదు. పరలోక ప్రార్థన ఒక్కటే, అది కూడా పూర్తిగా కాదు. "నీ రాజ్యము వచ్చుగాక" దాకా వచ్చి ఆగిపోయేవాణ్ని. ఆ తర్వాతది "నీ చిత్తము" కదా, అది నోట్లోంచి వచ్చేది కాదు. ఒక మాట ఎగ్గొట్టి "మా అనుదినాహారము" నుంచి మళ్లీ అందుకునేవాణ్ని. ఒక రాత్రి బొగ్గు బండితో వస్తుంటే ఓదెలలో లూప్ లైన్‌లో, అంటే పక్క పట్టాల మీద, పెట్టారు, వెనక ఎక్స్‌ప్రెస్‌లు ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయి, రెండు గంటలైనా వదల్లేదు. ఎందుకో అప్పుడు ఉన్నట్టుండి నోరు తెరిచి "నీకు మా తమ్ముడే దొరికిండా?" అన్నాను, పైకే. ఇంకా నాలుగు మాటలన్నాను, అవి ఇక్కడ రాయలేను. అసిస్టెంట్ కుర్రాడు కునుకు నుంచి లేచి "ఎవరితో సార్?" అన్నాడు. "అయ్యతోని" అన్నా. వాడు మా నాన్న అనుకున్నాడు, మా నాన్న పోయి అప్పటికే పదేళ్లు.

ఆకాశం నుంచి ఏమీ రాలేదు. నలభై నిమిషాలకు సిగ్నల్ ఇచ్చారు, బండి తీశాం. కానీ పదకొండు నెలల్లో నేను ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. ఎగ్గొట్టిన ఆ "నీ చిత్తము" మళ్లీ ఎప్పుడు నోటికి వచ్చిందో గుర్తులేదు, ఏదో ఒక రోజు వచ్చేసి ఉంటుంది. మధ్యలో ఆ సగం ప్రార్థన లేకపోతే మాత్రం అసలు ఆ గొడవ పెట్టుకోవడానికి కూడా ఆయనతో నాకు మాటలు ఉండేవి కావు అనిపిస్తుంది.

విశ్వాసం తక్కువై మీ నాన్న పోయారని ఎవరైనా సూటిగా గాని, చుట్టుతిప్పి గాని అంటే, వాళ్లను గెత్సేమనే చదవమను. "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగించు" అని అడిగినవాడికి గిన్నె తొలగలేదు. పౌలు తన ఒంట్లో ముల్లులా గుచ్చే బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, 2 కొరింథీయులు 12లో ఉంది, ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అనే జవాబు వచ్చింది. వీళ్లిద్దరికీ విశ్వాసం చాల్లేదా? మరి కొందరికి బాగవుతుంది, కొందరికి కాదు, ఎందుకు అంటే, ముప్ఫై ఏళ్లుగా నేనూ ఇదే అడుగుతున్నా, నాకు చెప్పలేదు.

నీ కూటం పెద్దమనిషి మీద కోపం పెట్టుకోకు. సమూయేలు మొదటి గ్రంథంలో హన్నా పెదవులు కదుపుతూ, గొంతు బయటికి రాకుండా ప్రార్థన చేస్తుంటే యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. ఏలీ కూడా పెద్దమనిషే, గుడిలోనే కూర్చున్నవాడే. ఆయన తర్వాత దిద్దుకున్నాడు, నీ పెద్దమనిషి కూడా దిద్దుకోవచ్చు. మళ్లీ ముగింపు ప్రార్థన చేయమంటే "ఈరోజు నాతోని కాదక్కా" అను, అది తప్పు కాదు. లేదంటే లేచి "అందరం కలిసి పరలోక ప్రార్థన చెప్పుకుందాం" అను, నువ్వు మొదటి మాట అంటే చాలు, మిగతాది గదిలో ఉన్నవాళ్లంతా మోస్తారు. నాకు సామూహిక ప్రార్థన మీద ఇంత ఇష్టం ఉండటానికి కారణం ఇదే, ఒకరి నోరు పడిపోయినా ప్రార్థన ఆగదు.

ఇప్పుడు రోజువారీ సంగతి. తెల్లవారుజాము నాలుగు గంటలు పవిత్రం, రాత్రి తొమ్మిది కాదు అని ఎక్కడా లేదు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. నెహెమ్యా అయితే రాజు "ఏమి మనవి" అని అడిగిన ప్రశ్నకూ తను చెప్పిన జవాబుకూ మధ్యలో ప్రార్థన చేసుకున్నాడు, ఎంతసేపు పట్టి ఉంటుంది? నా ప్రార్థనల్లో సగం అట్లాంటివే. డ్యూటీలో కళ్లు మూసుకుని చేస్తే చార్జిషీట్ ఇస్తారు, అందుకే కళ్లు తెరిచి చేయడం నేర్చుకున్నా.

నీకు పది నిమిషాలు చాలు. రోజూ ఒకే సమయం, ఒకే మూల, ఒకే చాప. మోకాళ్లు నొస్తే కుర్చీ. ఫోన్‌ను వంటింట్లో చార్జింగ్‌కు పెట్టి రా, పక్కన బోర్లా పెడితే లాభం లేదు, నాకు తెలుసు. బైబిల్ యాప్‌లో చదువుతా అనకు, పుస్తకం తీయి. ఒక కీర్తన పైకి చదువు, గొంతు నీకు వినబడేంత. తర్వాత నీ ఒక్క వాక్యం, నీ భాషలో. తర్వాత కాసేపు ఊరికే కూర్చో, ఏడుపొస్తే ఏడువు, రాకపోతే లేదు. చివర పరలోక ప్రార్థన చెప్పి లే. ఇంకా చేయాలనిపించినా మొదటి నెల లేచిపో. గంటసేపు చేద్దామని మొదలుపెట్టి నాలుగో రోజు మానేసినవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను, వాళ్లలో నేను కూడా ఉన్నా.

మధ్యలో గ్యాస్ బుక్ చేయాలి, స్కూటీకి ఇన్సూరెన్స్ కట్టాలి అని గుర్తొస్తే తోసేయాలని కుస్తీ పట్టకు, పట్టినకొద్దీ పెరుగుతుంది. దాన్నే ఆయనకు చెప్పేయి. "గ్యాస్ అయిపోయింది, పైసలు ఇంకా పడలేదు" అనేది కూడా అనుదినాహారం పద్దులోదే. నిద్ర వస్తే పడుకో. పేతురు, యాకోబు, యోహాను అంతటివాళ్లే నిద్రపోయారు.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకో. వారానికి ఏడు పేజీలు, రోజుకో పేజీ, ఒక్కో పేజీలో నాలుగైదు పేర్లు. "లోకమంతటి కొరకు" అని ఒక్కసారే ప్రార్థన చేసేవాళ్లకు పక్కింటివాళ్ల పేరు తెలియదు చాలాసార్లు. నాది పెన్సిల్‌తో రాస్తా, మనుషులు మారుతుంటారు కాబట్టి. నీ దుఃఖం నీ నోరు కట్టేసిన రోజు కూడా ఇంకొకరి పేరు చదవడం కుదురుతుంది, ఇది నేను చేసి చూసిందే.

ఉపవాసం విషయంలో మాత్రం గట్టిగా చెప్తా. మీ అమ్మకు షుగర్ ఉందని, ఆమె కూడా నీతో నలభై రోజులు పడతానంటోందని రాశావు. వద్దు. మా కూటంలోనే ఒక పెద్దామె షుగర్ మాత్ర వేసుకుని అన్నం మానేసి మధ్యాహ్నానికి పడిపోయింది, నోట్లో చక్కెర పోసి ఆటోలో తీసుకుపోయాం. డాక్టర్‌ని అడగకుండా ఒక్క పూట కూడా మానొద్దు, మాత్రలు అసలే ఆపొద్దు. యాకోబు పత్రికలో నూనె రాసి ప్రార్థన చేయమన్నారు, మందులు పారేయమనలేదు. తిమోతి కడుపునొప్పికి పౌలు చెప్పింది ఇంకో ఉపవాసం కాదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని. నీకు ఉపవాసం ఉండాలనే ఉంటే యెషయా 58 చదివి, ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనం మాని ఆ అన్నం పెద్దాసుపత్రి బయట చెట్టు కింద పడిగాపులు పడే పేషెంట్ల బంధువుల్లో ఒకరికి ఇచ్చి రా. నువ్వు ఏడాదిపాటు అట్లాంటి చోట కూర్చున్నదానివే, ఎవరికి ఆకలిగా ఉందో ముఖం చూస్తేనే తెలుస్తుంది నీకు.

నిద్ర లేకుండా, తిండి సయించకుండా నెలలు గడుస్తుంటే, బతకాలని లేదనే ఆలోచన వస్తుంటే, అది ప్రార్థనతో పాటు డాక్టర్‌కు కూడా చెప్పాల్సిన విషయం. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు, అది మనసు బాగోలేనివాళ్లకోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ఇది విశ్వాసం తక్కువ పని అని ఎవరైనా అంటే విననట్టే ఊరుకో.

టీవీలో, యూట్యూబ్‌లో "ఈ నంబర్‌కు కానుక పంపండి, మీ కోసం ప్రత్యేక ప్రార్థన" అనేవాళ్ల జోలికి మాత్రం పోకు. ఇంట్లో చావు జరిగాక అట్లాంటివాళ్లు ఎక్కడినుంచి వాసన పడతారో గాని వస్తారు. అపొస్తలుల కార్యములు 8లో సీమోను అనేవాడు డబ్బిచ్చి దేవుని వరం కొనబోతే పేతురు "నీ వెండి నీతోకూడ నశించును గాక" అన్నాడు. సంఘానికి కానుక ఇవ్వు, అది వేరు, రసీదు ఉంటుంది.

మరి ఆయనకు అన్నీ ముందే తెలిసినప్పుడు అడగడం ఎందుకు అని చివర్లో ఒక ముక్క రాశావు. డ్యూటీ దిగి పొద్దున పదకొండుకు నేను ఇంటికొస్తే, ముఖం చూడగానే అమ్మకు నా ఆకలి తెలిసేది, పొయ్యి మీద అప్పటికే అన్నం ఉండేది. అయినా "తిన్నవా బిడ్డా?" అనేది. "లేదమ్మా" అనేవాణ్ని. ప్రతిసారీ.

మా కుటీర ప్రార్థన ఇప్పుడు బుధవారం సాయంత్రం ఏడింటికి, పది పన్నెండు మందిమి ఉంటాం, మొదటి కీర్తన పాడాక ఎవరూ ఎవర్నీ ప్రార్థన చేయమని లేపరు, అనాలనుకున్నవాళ్లే అంటారు. నువ్వు రాకపోయినా ఫర్వాలేదు. మీ అమ్మ పేరు, నీ పేరు మెసేజ్ పెట్టు, ఇంటిపేరు అక్కర్లేదు. నా పుస్తకంలో బుధవారం పేజీలో కింద రెండు గీతలు ఖాళీ ఉన్నాయి.